నల్లా నీళ్లా, క్యాను నీళ్లా, ఇంటి ఫిల్టరా? మన పల్లెల్లో తాగునీటిని ఎంచుకునే తీరు

పరకాల దగ్గర మా మేనత్త వాళ్ల ఊళ్లో నల్లా లేని ఇల్లు లేదు. జలాశయం దగ్గర వడగట్టి, క్లోరిన్ కలిపి, పదుల కిలోమీటర్ల పైపుల గుండా తెచ్చిన నీళ్లు ఆమె వాకిట్లోనే పడతాయి. ఆ నీళ్లతో ఆమె బోళ్లు తోముతుంది, బట్టలు పిండుతుంది, బర్లకు పెడుతుంది. తాగడానికి మాత్రం బస్టాండు పక్కనున్న ప్లాంటు నుంచి రోజూ ఇరవై లీటర్ల క్యాను వస్తుంది. ఆ ప్లాంటు తోడేది ఊరి బోరు నీళ్లనే. ఇదేమిటత్తా అని అడిగితే, "నల్లా నీళ్లు మందు వాసనొస్తయి బిడ్డా, గీ నీళ్లయితే తియ్యగుంటయి" అంది.

అత్తను తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. వరంగల్, హనుమకొండ, జనగామ, భూపాలపల్లి చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్లలో తాగునీటిని రుచిని బట్టీ వాసనను బట్టీ ఎంచుకుంటున్నారు. అయితే నీళ్లలో మనకు హాని చేసే వాటిలో ఎక్కువ భాగానికి రుచీ లేదు, వాసనా లేదు. ఫ్లోరైడు నాలుకకు తెలియదు, నైట్రేటు తెలియదు, విరేచనాలు పుట్టించే క్రిములు అసలే తెలియవు. నాలుకకు తెలిసేవల్లా ఉప్పదనం, క్లోరిన్ వాసన మాత్రమే. వీటిలో రెండోది మనల్ని కాపాడటానికి కలిపినది.

ఇంటింటికీ నల్లా నీళ్లివ్వాలన్న తెలంగాణ పథకం మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రారంభించినప్పుడు పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ఒకప్పుడు లోయర్ మానేరు నుంచి సిద్దిపేట నియోజకవర్గపు పల్లెలకు నీళ్లందించిన పథకమే దానికి నమూనా. 2019 ఆగస్టు 15న కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్ కనీసం 55 లీటర్లు అంటుంది. ఈ లెక్కలన్నీ నీళ్లు వాకిలి దాకా రావడానికి సంబంధించినవి. వాకిలి నుంచి కుండలోకి, కుండలోంచి గ్లాసులోకి ఏ నీళ్లు రావాలన్నది మాత్రం ఇప్పటికీ ఇంటివాళ్లు తేల్చుకోవలసిన విషయమే.

ముందు మీ నీళ్లకున్న జబ్బేమిటో చూడండి

నీళ్లకు వచ్చే జబ్బులు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి నేలలోంచి కరిగి వచ్చేది, అంటే లవణాలు, ఫ్లోరైడు, నైట్రేటు. రెండోది బయటి నుంచి కలిసేది, అంటే మలంతో వచ్చే క్రిములు. ఒకదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయకపోవచ్చు. నీళ్లు మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు మాత్రం అలాగే ఉంటుంది. పైగా కొంత నీరు ఆవిరైపోతుంది కాబట్టి మిగిలిన దానిలో కాస్త చిక్కబడుతుంది కూడా. క్లోరిన్ సంగతీ అంతే, అది క్రిములను చంపుతుంది తప్ప ఉప్పును తీసేయదు. ఆర్‌వో యంత్రం నీళ్లను సన్నటి పొర గుండా ఒత్తి పంపి ఉప్పునూ ఫ్లోరైడునూ తీస్తుంది, కానీ దానిలోంచి వచ్చిన నీళ్లను మురికి క్యానులో పడితే ఆ మురికిని అదేమీ చేయలేదు.

మన వైపు నేలకింద ఎక్కువగా గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఖనిజాల నుంచే ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. ఫ్లోరైడు అనగానే నల్లగొండ వైపు మర్రిగూడ గుర్తుకు వస్తుంది గానీ, బోరు లోతుకు పోయినకొద్దీ ఇటువైపు ఊళ్లలోనూ అక్కడక్కడా అది హద్దు దాటుతుంది. ఒకే ఊళ్లో ఒక బోరు నీళ్లు బాగుండి, నూరు గజాల అవతలి బోరు పనికిరాకుండా పోవడం మామూలే. కాబట్టి పక్కింటివాళ్ల బోరు పరీక్ష మీ బోరుకు చెల్లదు.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన హద్దులు ఇంటివాళ్లు గుర్తుంచుకోదగినంత చిన్న జాబితాయే. లీటరుకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. నైట్రేటుకు 45 హద్దు, దానికి ఏ సడలింపూ లేదు. ఎందుకంటే అది మించితే సీసాపాలు తాగే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలబడే ప్రమాదం ఉంది. కరిగిన లవణాల మొత్తానికి, అంటే అందరూ టీడీఎస్ అనే దానికి, 500 దాకా మంచిది, మరో దారి లేనిచోట 2000 వరకు. ఇక మలసంబంధమైన ఈ-కోలై క్రిమి 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు.

జల్ జీవన్ మిషన్ కింద ఒక్కో ఊళ్లో ఐదుగురు మహిళలకు కిట్టుతో నీటిని పరీక్షించడం నేర్పించాలన్నది నియమం. మీ ఊళ్లో ఎవరికి నేర్పారో పంచాయతీలో అడగండి. కిట్టులో క్రిముల కోసం ఒక చిన్న సీసా ఉంటుంది. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, ఒకటి రెండు రోజులు వదిలేస్తే, కలుషితమైన నీళ్లయితే సీసా నల్లగా మారుతుంది. అంత తేలికగా కంటికి కనిపించే పరీక్ష మరొకటి లేదు. ఫ్లోరైడు, నైట్రేటు కచ్చితంగా తెలియాలంటే మాత్రం జిల్లాలోని తాగునీటి ప్రయోగశాలకే నమూనా పంపడం మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. ఫిల్టర్లు అమ్మడానికి వచ్చేవాళ్ల సంచిలో రెండు వస్తువులుంటాయి. మొదటిది టీడీఎస్ మీటరు. అది కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే చూపిస్తుంది, ఆ లవణాల్లో ఫ్లోరైడు ఎంతో చెప్పదు, క్రిముల సంగతి దానికి తెలియనే తెలియదు. మోరీ నీళ్ల చుక్క పడిన ఆర్‌వో నీళ్లకు కూడా అది తక్కువ అంకెనే చూపిస్తుంది. రెండోది కరెంటు కడ్డీల పెట్టె. రెండు గ్లాసుల్లో కడ్డీలు ముంచి మీట నొక్కగానే నల్లా నీళ్లు గోధుమరంగుకు తిరిగి, పైన తెట్టె కడుతుంది. ఆర్‌వో నీళ్లు మాత్రం తేటగా ఉంటాయి. చూసినవాళ్లకు కడుపులో తిప్పుతుంది. కానీ ఆ రంగు నీళ్లలో ఉన్నది కాదు. కడ్డీల్లో ఒకటి ఇనుపది, కరెంటు పారినప్పుడు అది కరిగి తుప్పుగా మారుతుంది. లవణాలున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది, లవణాలు తీసేసిన నీళ్లలో పారదు, అందుకే అవి తేటగా మిగులుతాయి. మంచి నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి ఆ పెట్టెలో పెట్టమనండి, అవీ అలాగే మారతాయి. మా అత్త వాళ్ల వాడకట్టులో ఈ పెట్టె చూసి ఒకే మధ్యాహ్నం నాలుగిళ్లవాళ్లు బయానా ఇచ్చారు.

నల్లా నీళ్లు: బలం ఎక్కడ, లోపం ఎక్కడ

జలాశయపు నీళ్లలో సాధారణంగా బోరు నీళ్లంత లవణాలు గానీ ఫ్లోరైడు గానీ ఉండవు. శుద్ధి కేంద్రంలో బురద తీసి క్లోరిన్ కలుపుతారు. కనుక ఊరి ట్యాంకీకి చేరేదాకా ఈ నీళ్లు మనకున్న దారులన్నిటిలోకీ మెరుగైనవే. గండం ఆ తర్వాత మొదలవుతుంది.

మొదటి చిక్కు ట్యాంకీలోనే ఉంది. మెయిన్ పైపు పగిలినప్పుడో, కరెంటు లేనప్పుడో, ఎండాకాలం సరఫరా తగ్గినప్పుడో చాలా ఊళ్లలో అదే ట్యాంకీలోకి పాత బోరు నీళ్లు ఎక్కిస్తారు. అంటే ఒకే నల్లాలో వారంలో నాలుగు రోజులు ఒక నీళ్లు, మూడు రోజులు మరో నీళ్లు. కాబట్టి మీ నల్లా ఎలాంటిదో తెలియాలంటే వాల్వులు తిప్పే మనిషిని అడగాలి. ట్యాంకీలోకి ఇవాళ ఏమెక్కుతున్నదో ఊళ్లో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

రెండోది క్లోరిన్. నల్లా చివర నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరిన్ ఉందో లేదో చూసే చుక్కల మందు వేస్తే నీళ్లు పసుపుపచ్చగా మారాలి, రంగే రాకపోతే కాపలా లేనట్టే. ట్యాంకీ దగ్గర పచ్చగా వచ్చి, వీధి చివరి ఇంట్లో రంగు రాకపోతే దారిలో ఎక్కడో మురికి కలిసి క్లోరిన్‌ను తినేసిందని అర్థం. పరీక్ష ఎప్పుడూ చివరి ఇంటి నల్లా దగ్గర చేయించండి. బోరు నీళ్లు ఎక్కించిన రోజున పంచాయతీవాళ్లు బ్లీచింగ్ పౌడర్ కలపాలి. నాలుగోవంతు క్లోరిన్ ఉన్న మంచి పౌడరయితే వెయ్యి లీటర్లకు నాలుగు గ్రాములు, అంటే 60 వేల లీటర్ల ట్యాంకీకి పావుకిలో. బక్కెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేటను పోసి, అరగంట ఆగి వాల్వు విప్పాలి. మూతి విప్పిన సంచి వానాకాలమంతా పంచాయతీ గదిలో చెమ్మకు పడి ఉంటే దానిలో పౌడరు ఉంటుంది గానీ పదును ఉండదు, ఎంత వేసినా లాభం తక్కువ.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, నల్లా గుంత. నీళ్లు సన్నగా వస్తున్నాయని వాకిట్లో మోకాలి లోతు గొయ్యి తవ్వి, పైపును కిందికి దించి, ఆ గుంతలో బిందె పెట్టి పట్టుకుంటారు. వానకూ, బోళ్లు కడిగిన నీళ్లకూ ఆ గుంత నిండుతుంది. పైపు మూతి మురికిలో మునిగి ఉంటుంది. పైన వాల్వు కట్టగానే పైపులో నీళ్లు వెనక్కి జారుతూ ఆ మురికిని లోపలికి పీల్చుకుంటాయి. మరునాడు వాల్వు విప్పగానే మొదట వచ్చేది అదే, అది మీ ఇంటికే కాదు, పక్కింటికీ పోతుంది. మోటరు బిగించి లాగేవాళ్లయితే ఈ పీల్పును ఇంకా పెంచుతున్నారు. మా అత్త వాళ్ల వీధిలో ఒక వానాకాలం వరుసగా ఐదారు ఇళ్లలో విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ ట్యాంకీనే అనుమానించారు. తవ్వి చూస్తే మోరీ కిందుగా పోయే సర్వీసు పైపు అతుకు దగ్గర సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉంది. అతుకు మార్చడానికి అయిన ఖర్చు రెండు క్యాన్ల ధర కూడా కాదు.

కాబట్టి నల్లా నీళ్లను ఎంచుకునేవాళ్లు నల్లాను నేలకు జానెడు పైకి లేపి కుళాయి బిగించాలి, గుంత పూడ్చాలి, ఫ్లో కంట్రోల్ వాల్వు పీకేసి ఉంటే మళ్లీ పెట్టించుకోవాలి. అది ఉంటే ఎగువ ఇళ్లవాళ్లు ఎక్కువ లాగరు, దిగువ ఇళ్లకు ధార పెరుగుతుంది, గుంత తవ్వే పనే రాదు. క్లోరిన్ వాసన గిట్టనివాళ్లు నీళ్లను పలచటి బట్ట కట్టిన కుండలో కొన్ని గంటలు ఉంచితే వాసన తగ్గుతుంది. గోలెంలో చెంబు ముంచే అలవాటు మాని, ఇరుకు మూతి బిందె గానీ అడుగున కుళాయి ఉన్న డ్రమ్ము గానీ వాడటం మేలు.

ప్లాంటు నీళ్లూ, ఇంటి యంత్రాలూ

బోరు తప్ప దిక్కులేని రోజుల్లో ఊరి ఆర్‌వో ప్లాంటు నిజంగా మేలు చేసింది. గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లివాళ్లు నీళ్లకు ప్రత్యేకంగా కమిటీ వేసుకుని, ఇంటింటికీ నల్లా పెట్టుకుని, తాగునీటికి శుద్ధి ప్లాంటు కూడా నడుపుకున్నారు. ఆ ఊరి పేరు దేశమంతా పాకడంలో నీళ్ల లెక్కలు రాసుకున్న పుస్తకానికీ వాటా ఉంది. ఇప్పటికీ మీ నీళ్లలో ఫ్లోరైడు 1.5 దాటుతున్నా, నైట్రేటు 45 దాటుతున్నా, తాగడానికీ వంటకూ ఆర్‌వో నీళ్లే సరైన ఎంపిక. అందులో సందేహం లేదు. వంటకు కూడా అని ఎందుకంటున్నానంటే, క్యాను నీళ్లు తాగి, బోరు నీళ్లతో పప్పు, అన్నం ఉడికిస్తే ఫ్లోరైడు అన్నంతో పాటే లోపలికి పోతుంది.

అయితే ప్లాంటు అన్న పేరును నమ్మడం కాదు, దాని నడకను చూడాలి. క్లోరిన్ తగిలితే పొర పాడవుతుంది కాబట్టి ముందే దాన్ని తీసేస్తారు. అంటే క్యానులోకి పడే నీళ్లకు ఏ కాపలా లేదు. ఆ క్యాను ఏ ఇంట్లో ఏ మూల తిరిగి వచ్చిందో, దాన్ని కడిగారో, ఒట్టి నీళ్లతో తొలిచి నింపారో మనకు తెలియదు. లోపల చేయి పట్టని క్యానుకు అడుగున పాచి పట్టడం నేను స్వయంగా చూశాను. పొర పాతబడితే ఫ్లోరైడు మెల్లగా జారుతుంది. రుచి కోసం కొందరు పచ్చి నీళ్లు కూడా కొంత కలుపుతారు. నడిపేవాళ్లను మూడు ప్రశ్నలడగండి: చివరిసారి ఫ్లోరైడు పరీక్ష ఎప్పుడు చేయించారు, పొర ఎప్పుడు మార్చారు, క్యాన్లు దేనితో కడుగుతున్నారు. కాగితం చూపించలేని చోట తియ్యదనం ఒక్కటే మిగులుతుంది.

ఖర్చు చూద్దాం. నలుగురున్న ఇంటికి తాగడానికీ వంటకూ రోజుకు ఇరవై లీటర్లు కావాలి. క్యాను పది రూపాయలనుకుంటే ఏడాదికి 3,650. ఇంట్లో ఆర్‌వో యంత్రం పన్నెండు వేలనుకుని, ఆరేళ్లు నడుస్తుందనుకుంటే ఏడాదికి రెండు వేలు, ఫిల్టర్లూ మరమ్మతూ మరో మూడు వేలు, మొత్తం ఐదు వేలు. కరెంటు అవసరం లేకుండా పైనుంచి కిందికి వడిసే ఫిల్టరయితే దీనిలో నాలుగో వంతులోనే గడుస్తుంది. నల్లా బాగుచేసుకోవడానికి ఒక్కసారి అయ్యేది కుళాయి, పైపు ముక్క, గంట కూలి.

ఇంటి ఆర్‌వో విషయంలో పారబోత లెక్క కూడా చూడాలి. మామూలు యంత్రం ఒక లీటరు ఇవ్వడానికి మూడు లీటర్లదాకా వదిలేస్తుంది. ఇరవై లీటర్లకు అరవై లీటర్లు మోరీ పాలు. అంటే జల్ జీవన్ లెక్కలో ఒక మనిషి పూర్తి వాటా కన్నా ఎక్కువ. లవణాలు 500 లోపున్న చోట ఆర్‌వో యంత్రాలను నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పడానికి ఈ వృథా ఒక కారణం. జలాశయపు నీళ్లు మాత్రమే వచ్చే నల్లాకు ఆర్‌వో బిగించడం, నా మాటలో చెప్పాలంటే, వడ్లు దంచే రోకలితో యాలక్కాయ నలగ్గొట్టినట్టు.

అలాంటి ఇంట్లో క్రిముల భయమే ఉంటే కరెంటు లేని ఫిల్టరు గానీ, యూవీ (అతినీలలోహిత) దీపం ఉన్నది గానీ చాలు. కరెంటు నిలకడగా ఉండి, నీళ్లు తేటగా ఉంటేనే యూవీ పనిచేస్తుంది. బురద ఉన్న నీళ్లలో వెలుగు దూరదు. పాత క్యాండిల్ ఫిల్టరు మట్టిని బాగా ఆపుతుంది, క్రిములన్నిటినీ ఆపుతుందనుకోవద్దు. వానల్లో రంగు మారిన నీళ్లకు పటిక తిప్పి తేర్చడం, మన పెద్దలు చిల్లగింజ అరగదీసి కలపడం మంచి పద్ధతులే. ఆ తేరిన నీళ్లను ఒక్క నిమిషం తెరలు కాగనిస్తే క్రిముల సంగతి తీరిపోతుంది. కట్టెల పొయ్యి మీద రోజూ ఇరవై లీటర్లు కాచడం ఏ ఆడమనిషికీ చెప్పదగిన సలహా కాదు. కాచిన నీళ్లను పసిపిల్లలకూ, బాలింతకూ, జ్వరపడ్డవారికీ పెట్టుకుంటే చాలు.

సొంత బోరు, బోరింగు, చేదబావి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పరీక్షించకుండా వీటి నీళ్లు తాగొద్దు. మరుగుదొడ్డి గుంత దగ్గరున్న బోరునైతే నైట్రేటు కోసం తప్పక చూపించండి.

ఊరు ఎంచుకోవలసి వస్తే

పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతాన్ని ఫలానా పనులకే అని కట్టిపెట్టింది. అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. అలాంటి డబ్బు మీద గ్రామసభలో చర్చ వచ్చినప్పుడు కొత్త ప్లాంటు కావాలన్న మాటకే చప్పట్లు ఎక్కువ పడతాయి, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది, రిబ్బన్ కత్తిరించవచ్చు. మోరీ దాటే పైపులను పైకి తీయించడం, చివరి వీధికి ధార అందేలా వేరే వాల్వు పెట్టించడం, ట్యాంకీ కడిగించి తేదీ గోడ మీద రాయించడం ఎవరికీ కనిపించవు. ట్యాంకీలోకి జలాశయపు నీళ్లే ఎక్కే ఊరు ఈ కనిపించని పనులనే ఎంచుకోవాలని నా అభిప్రాయం. ఫ్లోరైడున్న బోరు నీళ్లు తరచూ కలిసే ఊరైతే, ఆ బోరు గొట్టాన్ని ట్యాంకీ నుంచి విడదీసి, వాడుక నీళ్లకు వేరే తొట్టి (సిస్టర్న్) కట్టించడం ముందు పని. ప్లాంటు దాని తర్వాత వస్తుంది. ఈ విడదీసే పని ఇంకా చేయలేని ఊరికి, అప్పటిదాకా, ప్లాంటు తప్పదు.

మా అత్త ఇంట్లో నల్లా గుంత పూడ్చి, చివరి నల్లా నీళ్లు సీసాలో పోసి పెట్టాం. రెండు రోజులకు కూడా నల్లబడలేదు. ప్రయోగశాల కాగితంలో ఫ్లోరైడు హద్దులోపే వచ్చింది. అయినా ఆమె క్యాను పూర్తిగా మానలేదు. వంటకూ తనకూ నల్లా నీళ్లు, చుట్టాలొస్తే క్యాను. తొలకరి వానలు పడి, పైపుల్లో ఎర్రనీళ్లు రావడం మొదలైన వారంలో మళ్లీ ఒక సీసా పెట్టాలని అనుకున్నాం. గుంతలూ అతుకులూ బయటపడేది అప్పుడే.